ఆయన్ని మళ్ళీ పిలిచారు, మరి ఆమెని?

పెద్ద సార్‌కి, చిన్న సార్‌కి, గుంటూరులో మిర్చి కొని నిలవ చేసి ఎగుమతి చేసే మిగతా యజమానులందరికీ నమస్కారాలతో రాస్తున్నాను.

మీ దగ్గర ల్యాబులో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మన కంపెనీ పేరు ఇందులో రాయడం లేదు. మీరు మళ్ళీ పనిలోకి పిలిచిన ఆ మనిషి పేరూ రాయను. ఆయనకీ ఇల్లుంది, చదువుకుంటున్న పిల్లలున్నారు. పేర్లు లేకపోయినా చదవగానే మీకు తెలిసిపోతుంది. ఏటుకూరు రోడ్డు మీదా, నల్లపాడు వైపూ కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ళు చదివితే వాళ్ళకి వాళ్ళ కంపెనీయే గుర్తొస్తుందేమో. అందుకే ఇది బయట రాస్తున్నాను. లోపల రాయకుండా బయటికి రాలేదు. జనవరి నెలాఖరున ఒక ఉత్తరం ఇచ్చాను, ఫిబ్రవరిలో ఇంకోటి ఇచ్చాను. రెండూ మీ టేబుల్ మీదికి చేరాయని గుమాస్తా గారు చెప్పారు. జవాబు మాత్రం రాలేదు.

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు పొద్దున నేను ల్యాబు తాళం తీస్తుంటే ఆఫీసు కుర్రాడు మేడ మీది గది ఊడుస్తున్నాడు. రెండేళ్ళకు పైగా ఆ గదిలో పాత గోనెలూ, చెడిపోయిన కాటా ఒకటీ పడి ఉన్నాయి. ఎవరికోసం రా అని అడిగితే వాడు ఆయన పేరు చెప్పి, నా మొహంలోకి చూడకుండా మళ్ళీ చీపురు అందుకున్నాడు. పది గంటలకి వాట్సాప్ గ్రూపులో మీ మెసేజ్ వచ్చింది. ఆయన మన కుటుంబంలోకి తిరిగి వస్తున్నారు, ఈసారి జనరల్ మేనేజరుగా, పాతవన్నీ మర్చిపోయి అందరం కలిసి పనిచేద్దాం అని.

మధ్యాహ్నం శాంపిల్ కోసం షెడ్డులోకి వెళ్ళాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు రోజూ అయితే ఒకటే మాటలు, ఎవరింట్లో పెళ్ళి, ఎవరి కోడలు అలిగింది. ఆరోజు కాయలు తుంచే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒక పెద్దామె మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "ఆయన మళ్ళా వస్తన్నాడంటగా అమ్మా?" అంది. అవునన్నాను. గుడ్డ మళ్ళీ పైకి లాక్కుని కాయల్లోకి వంగింది.

మర్చిపోండి అన్నారు. ఏది మర్చిపోవాలో మీరు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

మూడేళ్ళ కిందటి మార్చి. 240 టిక్కీల (మిర్చి బస్తాల) తేజ రకం లాటు. అప్పట్లో మన ల్యాబులో ఒక అమ్మాయి ఉండేది. బీఎస్సీ చదివి, చిలకలూరిపేట దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. చేరి 11 నెలలు. శాంపిల్ పొడి చేసి తేమ చూసింది. 13.6 శాతం వచ్చింది. మనం దించుకునేది 11 లోపు కాయ. ఎక్కడో పొరపాటు చేశానేమోనని వేరే టిక్కీల్లోంచి కాయ తీసి మళ్ళీ చూసింది, మళ్ళీ చూసింది. మూడు సార్లూ 13 పైనే. ఆయన వచ్చి 11 వెయ్యమన్నాడు. ఆ పిల్ల లేచి నిలబడి, "నేను రాయలేను సార్, మీరు రాసి సంతకం పెట్టండి" అంది. గొంతు వణుకుతూనే ఉంది, కానీ అంది.

ఆయన పొడి ఉన్న ప్లేటు తీసి విసిరికొట్టాడు. ఆమె మీదికి విసిరాడని నేను అనను, బల్ల మీదికే విసిరాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. తేజ ఘాటు ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్ల దగ్గి దగ్గి నేల మీద కూలబడిపోయింది, కళ్ళు తెరవలేకపోయింది. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి నేను కళ్ళు కడుగుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "మీ నాన్న కల్లంలో కాయలు ఏరుకునేదానివి, నాకు నెమ్ము గురించి చెబుతావా" అన్నాడు. అక్కడ ఆరుగురు హమాలీలున్నారు, ఇద్దరు లారీ డ్రైవర్లున్నారు. అందరూ నేల చూపులు చూశారు. నేనూ కుళాయి వైపే చూశాను.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ లాటు రిపోర్టు మీద చివరికి 11 అనే ఉంది. దాని కింద ఉన్న సంతకం నాది. ఆ సాయంత్రం చిన్న సార్ నన్ను పిలిచి, "సీజన్లో గొడవలెందుకమ్మా, కానివ్వండి" అన్నారు. కానిచ్చాను. ఈ మూడేళ్ళలో ఆ కాగితం నాకు గుర్తు రాని వారం లేదు.

ఏప్రిల్లో ఆ అమ్మాయి మానేసింది. ఆగస్టులో కోల్డ్ స్టోరేజీ నుంచి ఆ లాటు దించి టిక్కీ విప్పితే కాయ లోపల గింజల మీద తెల్లటి బూజు. యూరప్ వాళ్ళకి పంపే మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 దాటకూడదు. అది బూజు విడిచే విషం, వండినా వేయించినా పూర్తిగా పోదు. బయటి ల్యాబుకి పంపితే ఆ లాటులో అది ఈ హద్దు దాటి చాలా పైన ఉంది. అప్పుడు జరిగిన మీటింగులో ఆయన అన్న మాట మీ ఇద్దరికీ గుర్తుండే ఉంటుంది: "ల్యాబులో ఆ పిల్ల సరిగ్గా చూడలేదు." అక్కడ లేని మనిషి మీద వేసేశాడు. ఆ రాత్రి ఇంటికెళ్ళి జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి, నా సంతకం సంగతితో సహా రాసి, మర్నాడు మీకిచ్చాను. మీరు చదివి ఫైల్లో పెట్టారు. డిసెంబర్లో ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు, పోతూ ఇద్దరు కమీషన్ వ్యాపారుల్ని తీసుకుపోయాడు. మనిషి పోయాడు కదా అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ రెండు పేజీల మీద ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు మనదేనని అప్పుడే ఎవరైనా ఒప్పుకుని ఉంటే ఇవాళ ఈ లేఖ అవసరం ఉండేది కాదు.

ఆయన్ని ఎందుకు తెచ్చారో నాకు అర్థం కాకపోలేదు. పోయిన రెండు సీజన్లూ కొనుగోళ్ళు సరిగా సాగలేదు. ఆయన కాయ తెలిసిన మనిషి. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడించి, గింజ గలగలని బట్టి నెమ్ము ఉందో లేదో చెప్పేస్తాడు, మీటరు పెట్టి చూస్తే అరశాతం తేడా ఉండదు. అంటే సార్, ఆరోజు ఆ లాటు నెమ్ముగా ఉందని ఆయనకి మా అందరికన్నా ముందే తెలుసు. సత్తెనపల్లి వైపు రైతులు ఆయన పేరు చెబితే కాయ ఇస్తారు. ఒక తుఫాను రాత్రి కరెంటు పోతే, జనరేటరు మొరాయిస్తే, తెల్లవార్లూ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఛాంబర్లు కాపాడింది ఆయనే. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. ఇవన్నీ నిజం. ఆయనకి పని ఇవ్వొద్దని నేను అడగడం లేదు. మనుషులు మారతారు కూడా. మారాడనే నమ్మాలని ఉంది, రోజూ ఆయన ముందు కూర్చుని పనిచెయ్యాల్సింది నేను కదా.

వచ్చిన మొదటి రోజు ల్యాబులోకి వచ్చాడు. "ఏమ్మా, బాగున్నారా? జుట్టు నెరిసిందే" అన్నాడు నవ్వుతూ. బాగున్నాను సార్ అన్నాను. నా చెయ్యి నాకు తెలియకుండానే శాంపిల్ ప్లేటు మీదికి వెళ్ళింది, మూత పెట్టినట్టు. ఆయన అది చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఈ ఎనిమిది వారాల్లో ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఇది రాయడం నా ధర్మం. అయినా పోయిన వారం ఏం జరిగిందో వినండి. ల్యాబులో కొత్తగా చేరిన కుర్రాడు ఒక 334 రకం మిర్చి లాటు చూశాడు, 11.9 వచ్చింది. పెద్ద తేడా ఏం కాదు, రెండు రోజులు ఎండలో పోస్తే సరిపోయేదే. వాడు మీటరు వైపు చూసి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి నన్నడిగాడు, "మేడమ్, 11 అని రాయమంటారా?" వాణ్ణి ఎవరూ అడగలేదు, బెదిరించలేదు. ఆయన మేడ మీద ఉన్నాడు. షెడ్డులో విన్న కథలు చాలు వాడికి. ఆయన అరవకపోయినా ఆయన భయం మన రిజిస్టర్లో అంకెలు మార్చబోయింది. 11.9 అనే రాయించాను, రాశాక కింద నా సంతకం కూడా పెట్టాను. ఈసారి ఆ సంతకం పెడుతుంటే నా చెయ్యి వణకలేదు.

బ్రాడీపేటలో ఒక లాయరు గారిని కలిసి అడిగాను, ఇలాంటిదానికి చట్టం ఏమైనా చెబుతుందా అని. ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల గురించి 2013 చట్టం ఉంది, పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగించాలి అన్నారు. మీది ఆ రకం వేధింపు కాదు కదమ్మా, మామూలు దౌర్జన్యం, దానికి ఆ కమిటీ పనికిరాదు అని కూడా చెప్పారు. (ఆ కమిటీ మన దగ్గర ఉందో లేదో నాకు 14 ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. కంపెనీలో 60 మంది ఆడవాళ్ళున్నారు. అది వేరే సంగతే అయినా అదీ చూడండి.) తర్వాత లాయరు గారు చెప్పిన ఇంకో మాట నా మనసులో ఉండిపోయింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25హెచ్ అని ఒక సెక్షన్ ఉండేదట. పని తగ్గిందని తీసేసిన కార్మికుణ్ణి, మళ్ళీ మనుషులు కావాల్సి వచ్చినప్పుడు ముందుగా పిలవాలని అందులో ఉండేది. తనంతట తాను మానేసి పోయినవాళ్ళకి ఆ హక్కు లేదు. అంటే మన జనరల్ మేనేజరు గారిని పిలవాలని మీ మీద ఏ ఒత్తిడీ లేదు. పూర్తిగా మీ ఇష్టం. పిలవగలిగినవాళ్ళందరిలో ఎవర్ని పిలవాలో మీరే ఎంచుకున్నారు.

ఆ అమ్మాయీ తనంతట తానే మానేసింది, కాగితం మీద. ఆమెకీ హక్కు లేదు. కానీ మీ ఇష్టం అనేది ఆమె విషయంలో కూడా ఉంది కదా సార్.

బయటికి వెళ్ళి తిరిగొచ్చిన లాటుని మనం ఏం చేస్తాం? మన సరుకే కదా, మన టిక్కీలే కదా అని తీసుకెళ్ళి తిన్నగా ఛాంబర్లో పాత వరుస మీద పేర్చం. పక్కన దించుతాం. ఎందుకు వెనక్కొచ్చిందో కాగితం తెప్పించి చూస్తాం. మళ్ళీ శాంపిల్ తీస్తాం, పైన రెండు టిక్కీలు కాదు, మధ్య వరుసల్లోంచి కూడా. ఆరబెట్టాల్సింది ఆరబెట్టి, తాలు (రంగు పోయిన) కాయలు ఏరి, కొత్త నంబరు వేశాకే లోపలికి. ఈ పద్ధతి పెట్టింది పెద్ద సారే. ఒక్క లాటు నెమ్ముగా లోపలికి పోతే పక్క వరుసలు కూడా పోతాయని నాకు నేర్పింది ఆయనే. మనిషి విషయంలో ఆ కాగితం చూడటం కూడా మీకు కుదరలేదా? అది ఫైల్లోనే ఉంది. రెండు పేజీలు.

ఇక నాతో పనిచేసేవాళ్ళకీ, వేరే కంపెనీల్లో ఇదే అవస్థలో ఉన్నవాళ్ళకీ, నేను ఏం చేస్తున్నానో చెబుతాను. మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. వేరే చోట ఉద్యోగం చూసుకుందామని అనుకున్నాను, ఇద్దర్ని అడిగాను కూడా. తర్వాత లక్ష్మీపురంలో ఒక షాపులో ఒక నోటు పుస్తకం కొనుక్కున్నాను. అందులో రోజూ తేదీ వేసి, ఎవరు ఏం అడిగారో, నేను ఏం చెప్పానో రెండు వాక్యాలు రాస్తున్నాను. నాకు అనిపించినవి రాయను, జరిగినవే రాస్తాను. ఆయన మంచిగా మాట్లాడిన రోజూ రాస్తున్నాను, ఎందుకంటే రేపు నేను కక్షతో రాశానని నాకే అనుమానం రాకూడదు. నోటితో చెప్పిన పని ఏదైనా సాయంత్రం "సార్, మీరు చెప్పినట్టు ఫలానా లాటు ఆపాం" అని ఆయనకే మెసేజ్ పెడుతున్నాను. తేమ అంకె రిజిస్టర్లో ఎక్కిన వెంటనే ఫొటో తీసి కొనుగోళ్ళ వాళ్ళకీ, స్టోరేజీ వాళ్ళకీ పంపుతున్నాం. నలుగురు చూసిన అంకెని ఒక్కడు మార్చలేడు.

కొత్త కుర్రాళ్ళకి పాత కథలు చెప్పడం మానేశాను. ఇది అన్నింటికన్నా కష్టంగా ఉంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవరో ఒకరు ఎత్తుతారు, నోరు దురదపెడుతుంది. కానీ ఆ కథలు విని భయపడ్డ కుర్రాడే కదా 11 రాయమంటారా అని అడిగింది. కాబట్టి వాళ్ళకి ఒక్కటే చెబుతున్నాను: మీటరులో ఎంత వస్తే అంత రాయి, ఎవరైనా మార్చమంటే నన్ను పిలువు, నేను వచ్చి నీ పక్కన నిలబడతాను. మూడేళ్ళ కిందట నిలబడలేదు. అందుకే ఇప్పుడు ముందే మాటిస్తున్నాను.

అయితే ఇవన్నీ మేం మోస్తున్న బరువు సార్. ఆయన్ని తెచ్చుకున్నది మీరు. సీజన్ లాభం మీకు వస్తుంది, ఆయనకి జీతం పెరిగింది, నోటు పుస్తకం మాత్రం మేం కొనుక్కోవాలా? కొంత మీరూ మొయ్యండి.

ల్యాబు ఆయన కింద ఉండకూడదు. కొనేవాళ్ళ చేతిలో తేమ చూసేవాళ్ళ ఉద్యోగం ఉంటే ఏం జరుగుతుందో ఒకసారి చూశాం. ల్యాబు తిన్నగా పెద్ద సార్‌కే చెప్పుకునేలా ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించండి, వాట్సాప్‌లో పెడితే చాలదు. ఎవరికైనా ఆయనతో ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఒక పేరు చెప్పండి, ఆ పేరు ఆయన కింద పనిచేసేవాళ్ళది కాకూడదు. మేలో మిర్చి యార్డుకి ఎండాకాలం సెలవులు ఇచ్చినప్పుడు, లారీలు తగ్గినప్పుడు, అందర్నీ ఒక పూట కూర్చోబెట్టి అడగండి ఎలా ఉందని. షెడ్డులో ఆడవాళ్ళని విడిగా అడగండి, ఆయన ముందు వాళ్ళు నోరు విప్పరు. ఆయన్ని కూడా అడగండి. మా అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని తెలిసి రోజూ ఆ మేడ మెట్లెక్కడం ఆయనకీ తేలిక కాదని నాకు తెలుసు. జరిగింది జరిగిందని ఆయనతో ఎవరైనా ఒక్కసారి తిన్నగా మాట్లాడి ఉంటే, ఆరోజు నా చెయ్యి ప్లేటు మీదికి వెళ్ళినప్పుడు ఆయన ఏదో ఒకటి అనగలిగేవాడేమో.

మిగతా యజమానులకు కూడా ఇదే నా మనవి. సీజన్ మొదలవగానే ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మనుషులు మారడం, మళ్ళీ పాత చోటికే రావడం గుంటూరులో కొత్త కాదు. పాత మనిషిని పిలిచే ముందు, ఆయన వెళ్ళాక కూడా మీ దగ్గరే ఉండి పని నడిపినవాళ్ళని ఒక్క మాట అడగండి. మీ ప్రశ్నకి వాళ్ళు వద్దనే అంటారని అనుకోకండి. నన్ను అడిగి ఉంటే నేను వద్దని అనేదాన్ని కాదు. ఎలా తీసుకోవాలో చెప్పేదాన్ని.

చివరిగా ఆ అమ్మాయి సంగతి. పోయిన ఆదివారం ఫోన్ చేశాను. చిలకలూరిపేటలోనే ఒక చిన్న కారం మిల్లులో లెక్కలు రాస్తోంది. మన దగ్గర ఇచ్చిన దానికన్నా జీతం తక్కువ. ల్యాబు పని ఎక్కడా చెయ్యడం లేదు. ఆ 240 టిక్కీల లాటు బూజు పట్టిందన్న సంగతి ఆమెకి అప్పటిదాకా తెలియదు. తను చూసిన అంకె సరైనదేనని ఆమెతో ఎవరూ చెప్పలేదు, మూడేళ్ళుగా నేను కూడా చెప్పలేదు. నేను చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "13.6 కదా మేడమ్?" అంది. అంకె కూడా గుర్తుంది.

కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తుతావా అని అడిగాను. ఎత్తుతానంది. నంబరు మారలేదు, మన ల్యాబు పాత హాజరు రిజిస్టరు వెనక అట్ట మీద తన చేత్తో రాసిందే. రిజిస్టరు నా టేబుల్ సొరుగులో ఉంది. పెద్ద సార్ ఎప్పుడు రమ్మంటే అప్పుడు పట్టుకుని పైకి వస్తాను.

ఇట్లు,
ల్యాబు నుంచి,
మీ పాత ఉద్యోగిని